గోడ దాటిన మాట

"నీ పన్ను పీకేది ఎల్లుండి పదింటికట!" హాల్లోంచి కేకేశారు మా ఆయన.

నా చేతుల నిండా అంట్ల సబ్బు. అలాగే అన్నాను.

"పదింటికేగా. వంట చేసి వెళ్లొచ్చు," అన్నారు అత్తగారు.

నాకు రావలసిన కబుర్లన్నీ ఆయన ఫోన్‌కే వస్తాయి. పెళ్లైన కొత్తలో "ఇంటికి ఒక్క నంబరు చాలదా? నేను చెప్తాగా!" అన్నారు. చెప్తారు కూడా, తీరిక దొరికినప్పుడు, టీవీ ముందు కూర్చుని, అందరికీ వినిపించేలా. రెండోసారి కూడా కడుపు నిలవలేదని రిపోర్టు వచ్చిన రోజు మాత్రం నాకు చెప్పలేదు. వాళ్లమ్మకి చెప్పారు. కూరలో ఉప్పెక్కువైందని అంటూ అంటూ ఆవిడ నోరుజారితే నాకు తెలిసింది. నా ఒంట్లో జరిగిన సంగతి ఇంట్లో అందరికంటే ఆఖరున నాకు చేరింది. అప్పుడూ అలాగే అన్నాను.

నేను యూనివర్సిటీలో విద్యార్థుల కౌన్సిలర్‌ని. నిద్ర పట్టనివాళ్లూ, పరీక్షంటే చేతులు వణికేవాళ్లూ, బతకాలని లేదని కిటికీకేసి చూస్తూ చెప్పేవాళ్లూ నా గదికి వస్తారు. 'ఇక్కడ చెప్పింది గోడ దాటదు' అని తలుపు మీద నేనే రాయించాను.

మర్నాడు ఉదయం ఫార్మసీ చదివే అమ్మాయి వచ్చింది. కూర్చోలేదు.

"గోడ దాటింది మేడం."

తను నన్ను కలవాల్సిన రోజు గుర్తుచేస్తూ మా ఆఫీసు పంపిన మెసేజ్ వాళ్ల నాన్నకి వెళ్లింది. కాలేజీలో చేరినప్పుడు ఇచ్చిన నంబరు ఆయనది. అలా పంపే పద్ధతి డైరెక్టరుగారు ఈమధ్యే పెట్టారు. "పెద్దవాళ్లకి తెలిస్తే మంచిదేగా," అని.

"పిచ్చి డాక్టరు చుట్టూ తిరుగుతున్నావా, బట్టలు సర్దుకో అన్నారు. బస్సెక్కేశారు కూడా. ఒకసారి వెళ్తే మళ్లీ చదువుకి పంపరు మేడం."

ఆ పిల్ల నాకేం చెప్పుకుందో ఇక్కడా రాయను.

మధ్యాహ్నానికి తండ్రి దిగాడు. ఫోన్‌ని సాక్ష్యంలా ముందుకు చాపాడు. వెనకాలే డైరెక్టరు.

"ఏం చెప్పింది మీకు?"

"తననే అడగండి."

"కన్నతండ్రినండీ!"

"చెప్పేయండి మేడం, గొడవెందుకు?" అన్నారు డైరెక్టరు.

"తనకి ఇరవై నిండాయి సార్. వద్దంటే చెప్పను."

తండ్రి నన్ను ఎగాదిగా చూశాడు. "మీకొచ్చిన కబురు మీ ఆయనకి తెలీకుండా ఉంటుందా? సంసారం చేసే ఆడదానికి దాచుకునేదేముంటుంది?"

పన్ను ఒక్కసారిగా సలిపింది.

"నాన్నా, నేను రాను."

గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్ల. గొంతు పీలగా ఉంది, కానీ వినబడింది.

"నాకు బాలేదు నాన్నా. బాగయ్యేదాకా ఇక్కడికొస్తా."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "సెలవులకి ఇంటికే వస్తావుగా. అప్పుడు తేలుద్దాం," అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. పిల్ల వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆ సెలవులు ఎలా గడుస్తాయో నాకూ తెలియదు.

కంప్యూటర్లో ఆయన నంబరు తీసేసి, ఆ అమ్మాయిది పెట్టాను.

"మెమో ఇవ్వాల్సొస్తుంది మేడం," అన్నారు డైరెక్టరు.

"ఇవ్వండి సార్. నా చేతికే ఇవ్వండి."

ఇంటికి వెళ్తూ పళ్ల డాక్టరు దగ్గర ఆగాను. కౌంటర్లో అమ్మాయి మా ఆయన నంబరు చదివి "ఇదేనా అండీ?" అంది. కాదన్నాను. నా నంబరు చెప్పడానికి నేనే తడుముకోవలసి వచ్చింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన ఫోన్ అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"రేపు నీ పన్ను పని ఉందిగా? డాక్టరు దగ్గర్నుంచి కబురే లేదేంటి?"

"నాకొచ్చింది," అన్నాను.