గిన్నెల గదిలో మూడో గొంతు

కుక్కర్లో అన్నం అడుగంటిన రోజు మా అత్తగారు నన్ను తిట్టరు. "పెద్దకోడలైతే ఇలా మాడబెట్టేది కాదు" అంటారు, అంతే. బట్టలకు మరక పోకపోతే మా తోడికోడలితో "చిన్నదాని చెయ్యి పడితే మల్లెపువ్వుల్లా ఉండేవి" అంటారు. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ తోడికోడలికి నేనూ, నాకు ఆవిడా కొలబద్దలం. ఒకే సింకు ముందు భుజాలు రాసుకుంటూ ఇంటిల్లిపాది ఎంగిలి కంచాలు తోముతున్నప్పుడు కూడా, ఆవిడ కడిగినదాంట్లో జిడ్డు మిగిలిందేమోనని నేను ఓరకంట చూసేదాన్ని. ఆవిడా అంతే.

గిన్నెలు తోమే గది ఇరుకు. గోడల నిండా పింగాణీ పలకలే, చెంచా కింద పడినా మోగుతుంది. ఒకరోజు నేను ఏదో కూనిరాగం తీస్తూ ఒక స్వరం దగ్గర ఆగాను. ఆవిడ తల తిప్పకుండానే, "దాన్ని వదలకు, అలాగే పట్టుకో" అంది. తను ఇంకాస్త పైన మరో స్వరం అందుకుంది. రెండూ కలవక కాసేపు ఒరుసుకున్నాయి. ఆవిడ కొంచెం సర్దుకుంది, నేను కొంచెం తగ్గాను. అప్పుడు మా తలల పైన, సన్నగా, మూడో ఆడగొంతు వినిపించింది. చేతిలో పీచు వదిలేసి పైకి చూశాను.

"ఎవరక్కా అది?" ఆవిడను అక్కా అని పిలవడం అదే మొదలు.

"ఎవరూ కాదు. రెండు గొంతులు సరిగ్గా కలిస్తే పైన ఇంకోటి పుడుతుంది. కాలేజీలో నలుగురం నాలుగు స్వరాల్లో పాడేవాళ్ళం, అప్పుడు వినేదాన్ని. పెళ్ళయ్యాక మళ్ళీ వినడం ఇదే." ఇంకో కంచం అందుకుంటూ అంది: "ఒకళ్ళని మించి ఒకళ్ళు అరిస్తే మాత్రం రాదు."

ఆ తర్వాత మాకు గిన్నెలు చాలేవి కావు. కడిగినవే మళ్ళీ కడిగేవాళ్ళం. నా ఉతుకు గురించి ఆవిడకు, ఆవిడ వంట గురించి నాకు అత్తగారి నుంచి ఏళ్ళ తరబడి అందుతున్న మాటలు అక్కడే ఒకరికొకరం అప్పజెప్పుకున్నాం. ఒకసారి అత్తగారు తలుపు దాకా వచ్చి, "పనిమనిషిని పెట్టారా ఏంటి, ఆ మూడోదెవరు?" అని గదంతా కలియజూసి వెళ్ళారు. నవ్వు వినబడకుండా కొళాయి పెద్దది చేశాం.

ఇంతలో ఇద్దరూ కలిసి నడిపే కొట్టు విషయంలో మా ఆయనకూ బావగారికీ చెడింది. మా ఆయనా నేనూ మేడ మీదికి మారి వేరు పడ్డాం. గొడవేంటో నాకెవరూ చెప్పలేదు, వేరు పడాలా అనీ అడగలేదు. కొత్త స్టవ్ ఏ పక్కన పెట్టాలో మాత్రం అడిగారు. "ఇవాళ్టి నుంచి కిందవాళ్ళతో మాటల్లేవు. వదిన ఎదురుపడినా పలకరించకు" అన్నారు మా ఆయన.

కొత్త వంటగదిలో నా స్వరం నేను పట్టుకుని చూశాను. ఎంతసేపు పట్టుకున్నా అది ఒక్కటే. ఒక మధ్యాహ్నం ఆయనకు వడ్డిస్తుంటే కింద నుంచి అక్క గొంతు వినిపించింది. తన స్వరం తను పాడి, ఆగి, మళ్ళీ పాడుతోంది. గరిటె పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాను.

"ఎక్కడికి?" అన్నారు.

"కిందికి."

"నేను చెప్పింది మర్చిపోయావా?"

"లేదు. మీ అన్నయ్యతో మీకు గొడవ. మా అక్కతో నాకు లేదు."

నేను మెట్లు దిగాను. హాల్లో అత్తగారూ బావగారూ తలెత్తి చూశారు. వాళ్ళను దాటుకుని గిన్నెల గదిలోకి వెళ్ళాను. అక్క సింకు దగ్గర పక్కకు జరిగి చోటిచ్చింది. మొదలుపెట్టాం. నాకు ఏడుపొచ్చి స్వరం నిలవలేదు, పైన మూడో గొంతు పలకలేదు.

"ఏడుస్తూ పాడితే రాదు. కళ్ళు తుడుచుకో, తొందరేం లేదు" అంది.

తుడుచుకున్నాను. మా ఆయన కిందికి వచ్చి హాల్లోంచి నన్ను గట్టిగా పిలుస్తున్నారు. ఇద్దరం ఒకేసారి ఊపిరి తీసుకున్నాం.