పికప్పు డాష్‌బోర్డూ గాజు చాపా

“ఫైబర్ గ్లాసు తెప్పించారా అండీ?” అని లాజరు అడిగింది నన్ను. విన్నది మా ఆవిడ సీతారావమ్మ. రెండు నిమిషాల్లో పళ్ళెంలో ఐదు గ్లాసుల మజ్జిగతో పెరట్లోకి వచ్చింది.

“ఉన్నది ఇద్దరం. ఐదెందుకే?”

“ఫైవ్ గ్లాసులన్నాడుగా లాజరు. ఎండలో పని, దాహమేమో అనుకున్నా.”

మూడు నేనే తాగాను. “లాజరూ, ఇది ఫైబరూ కాదు, పై పొరా లేదు. మీగడంతా ముందే తీసేసింది” అన్నాను. లాజరు నవ్వాడు. మెకానిక్కులు నా మాటలకు త్వరగా నవ్వుతారు, నవ్వకపోతే ఇంకొకటి వినాల్సి వస్తుందని.

లాజరు అడిగింది గాజు నారతో చేసిన చాప. బెజవాడ ఆటోనగర్లో లారీ బాడీల పగుళ్ళకు అది అతికిస్తున్నారట. ఆ డెబ్భై ఆరు వేసవిలో మా తిరువూరుకు అదే మొదటి రాక. దాన్ని తెప్పించింది నా బావమరిది అంకారావు.

మా పికప్పుకు పేరులో తప్ప ఇంకెక్కడా పికప్పు లేదు. ఎ.కొండూరు దగ్గర చిన్న మిట్ట ఎక్కాలన్నా నాలుగుసార్లు ఆవులించేది. అయినా పదకొండేళ్ళుగా ఈ చుట్టుపక్కల మామిడికాయంతా దాంట్లోనే బెజవాడ వెళ్ళింది. బండి నాదీ అంకారావుదీ చెరి సగం. కాగితాలు నా పేరున ఉండేవి. బేరాలు అతనివి, స్టీరింగు నాది. ఊళ్ళో నన్ను పికప్పు వీరరాఘవయ్య అంటారు. ఆ స్టీరింగు తీసేస్తే వీరం కూడా పోయి ఉత్త రాఘవయ్య మిగులుతాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

డాష్‌బోర్డు పగలడానికి కారణం గంపలగూడెం రోడ్డు మీద ఎదురొచ్చిన ఎడ్లబండి. పట్టపగలే. నేను ఆఖరి క్షణంలో బ్రేకు తొక్కితే అంకారావు మోకాలు వెళ్ళి గుద్దుకుంది. ఈ కొస నుంచి ఆ కొసకు పగులు.

“డాష్ ఇస్తే పగలకపోతే దాన్ని డాష్‌బోర్డని ఎందుకంటార్రా?” అన్నాను.

అంకారావు నవ్వలేదు. మోకాలు రుద్దుకుంటూ రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాడు. వారం తిరక్కుండానే, “బావా, లాజరు చేత డాష్‌బోర్డు కొత్తదానిలా చేయిద్దాం” అని తనే అన్నాడు. నా బండి మీద వాడికింత ప్రేముందా అని పొంగిపోయాను.

లాజరు డాష్‌బోర్డును విప్పి నులక మంచం మీద బోర్లా పడుకోబెట్టాడు. పగులు ఇంకా పాకకుండా రెండు చివర్లా సన్నటి బెజ్జాలు వేశాడు. గరుకు కాగితంతో రుద్దాడు. గాజు చాపను ముక్కలుగా కత్తిరించి పరిచాడు. డబ్బాలోని జిగురులో బొట్లు లెక్కపెట్టి మందు కలిపాడు.

“ఈ మందు తక్కువైతే జిగురు ఆరదండి. ఎక్కువైతే కుంచెతో సహా బిగుసుకుపోద్ది. కలిపాక కబుర్లు కుదరవు.”

“ఈయన నోట్లో రెండు చుక్కలు పోయరాదూ” అంది సీతారావమ్మ నావైపు చూపిస్తూ.

నేనూ చేతులకు ఆముదం రాసుకుని దిగాను. కుంచెతో అద్దాను, బుడగలు నొక్కాను, ఆరాక రుద్దాను. గాజు పొడి మోచేతుల దాకా దురద పెట్టింది. రెండు రోజులు గోక్కుంటూనే పనిచేశాను. పెళ్ళికూతుర్ని చేస్తున్నట్టు అంత ముచ్చటగా చేశాను.

రెండో రోజు మధ్యాహ్నం లాజరు, పగులుకు దూరంగా ఉన్న రెండు బెజ్జాలను కూడా లప్పంతో పూడుస్తుంటే చూశాను. మా దగ్గర డ్రైవరెవడూ డాష్‌బోర్డు మీద దేవుడు లేకుండా బండి తీయడు. ఆ రెండూ నా పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పటం మరలవి.

“అవి పూడ్చకయ్యా. అమ్మవారిని ఎక్కడ పెట్టుకోను?”

లాజరు లప్పం రేకు ఆపి నా మొహంలోకి చూశాడు. “అంకారావు గారే పూడ్చమన్నారండి. కొనుక్కునేవాళ్ళు గుణదల మేరీమాత పటం నడిమధ్యన పెట్టుకుంటారంట. పాత బెజ్జాలు కనపడకూడదన్నారు.”

“ఎవరు కొనుక్కునేవాళ్ళు?”

“వినగడప అంతోనయ్య గారండి. మీకు తెలుసనుకున్నానే. డాష్‌బోర్డు ఎవరన్నా ఊరికే బాగుచేయిస్తారా అండీ? ఇంజను బాగుచేయించేది నడుపుకోడానికి. డాష్‌బోర్డు బాగుచేయించేది అమ్ముకోడానికి. మా షెడ్లో చిన్నపిల్లాడికైనా తెలుసు.”

నాకు తెలియలేదు. రెండు రోజులు నేను అతికించింది గాజు చాప. దాని కిందుగా నీళ్ళు పోతున్న సంగతి అప్పుడు తెలిసింది.

సాయంత్రం లాజరు డాష్‌బోర్డు బిగించేసరికి అంకారావు వచ్చాడు, పక్కన అంతోనయ్యతో. ఆయన పెద్దమనిషి. నాకు నమస్కారం పెట్టి, తిన్నగా బండి దగ్గరకు వెళ్ళి నా సీట్లో కూర్చున్నాడు. బిగించిన డాష్‌బోర్డును అరచేత్తో నిమిరి, “బాగా కుదిరింది లాజరూ” అన్నాడు. నా మోచేతులు మళ్ళీ దురదపెట్టాయి.

“నాటకంలో ఇది ఎన్నో అంకం అంకారావూ?” అన్నాను.

“బండి అమ్మేద్దామని నీకు చెప్పాను బావా. ఒకసారి కాదు, మూడుసార్లు. కాఫీ హోటల్లో చెబితే హోటలంతా నవ్వేట్టు ఏదో అన్నావు. తోటలో చెబితే కూలోళ్ళని నవ్వించావు. ఇంట్లో చెబితే అక్కయ్యని నవ్వించావు. ఎవడికి చెప్పేది ఇంక?”

“నమ్మకంలోంచి ఒక్క నకారం కాజేస్తే చాలు, అమ్మకమైపోతుంది. దొంగతనానికి అక్షరం కూడా పనికొచ్చిందన్నమాట.”

“చూశావా అక్కయ్యా? ఇదే నేను చెప్పేది.” గుమ్మంలోకి వచ్చిన సీతారావమ్మతో అంటూ అంకారావు జేబులోంచి కాగితం తీశాడు. “దొంగతనమంటే ఎట్లా? బదిలీ కాగితం మీద సంతకం నీదేగా. పోయిన గురువారం నా ముందే పెట్టావు.”

అందరూ నావైపు తిరిగారు. అంతోనయ్య బండి దిగాడు. “సంతకం మీది కాదంటే నాకొద్దండీ ఈ బండి. గొడవల సొత్తు మా ఇంట్లోకి తీసుకెళ్ళను” అన్నాడు.

సంతకం నాదే. గురువారం అంకారావు కాగితం ముందుంచి, “పెట్టు బావా, బండిది” అన్నాడు. ఏటా వచ్చే ఫిట్‌నెస్ కాగితమనుకున్నాను. ఏముందో చదివి చెప్పమని అడగలేదు, నేనూ చదవలేదు. ఏదో హాస్యమాడి సంతకం గీకాను. ఎందుకంటే రెండేళ్ళుగా నా కళ్ళకు అక్షరాలు ఆనడం లేదు. కాగితం మీద చీమలబారు కనిపిస్తుంది, అంతే. ఎవరన్నా ఏదన్నా చదవమంటే ముందొక జోకు వేస్తాను. వాళ్ళు నవ్వేలోగా మాట మారుస్తాను. ఆ ఎడ్లబండి కూడా నాకు గంటల చప్పుడు వినపడ్డాకే కనపడింది.

నిజం చెబితే బేరం ఆగుతుంది. కానీ చెప్పాక నా చేతికి స్టీరింగు ఎవరిస్తారు? చెప్పకపోతే బండిని తెలిసే అమ్ముకున్నవాణ్ణవుతాను. జోకు కోసం వెతుక్కున్నాను, దొరకలేదు. పన్ను పీకినా పన్‌ను వదలని నోరది.

“ఫిట్‌నెస్ కాగితమనుకుని పెట్టాను” అన్నాను. “చదవలేదు. అక్షరాలు కనపడవు నాకు. రెండేళ్ళయింది.”

అంతోనయ్య ముందు నవ్వాడు. లాజరు కూడా మొదలుపెట్టాడు. నా మొహం చూసి ఇద్దరూ ఆపేశారు.

“వీడికి తెలుసేమో అడగండి” అన్నాను.

అంకారావు కాగితం మడతపెట్టాడు. “తెలుసు బావా. గంపలగూడెం రోడ్డు మీదే తెలిసింది. చదవలేవనీ తెలుసు, చదివి చెప్పమని అడగవనీ తెలుసు. అందుకే అట్టా పెట్టాను. అడిగితే ఒప్పుకునేవాడివా?”

“నిన్ను తిట్టడానికైనా ఒక మంచి మాట దొరకడం లేదురా” అన్నాను. అది నిజం.

సీతారావమ్మ మెట్టు దిగి నా ముందుకు వచ్చింది.

“మరి మొన్న పెనుగంచిప్రోలు తిరునాళ్ళకి, నన్నూ మా అమ్మనీ పిల్లలనీ వెనకెక్కించుకుని, అంత జనంలో ఎట్లా తీసుకెళ్ళారండీ?”

“గుర్తు మీద” అన్నాను.

“గుర్తు మీదా?”

“అవును. దారి గుర్తే కదా. గుర్తు మీద నడిపాను.”

ఆమె తమ్ముడి చేతిలోని కాగితం తీసుకుని తనే అంతోనయ్యకు ఇచ్చింది.