మండువేసవిలో బఠాణీ తీగ

పొద్దున్న ఆరు కొట్టకముందే ఇస్త్రీ ఆవిడ పాల ప్యాకెట్టుతో వచ్చి, తలుపైనా తట్టకుండా లోపలికి నడిచి, ముసలాయన మంచం కింద పెట్టి వెళ్లిపోయేది. పక్కింటివాళ్లు కొత్తిమీర కట్ట తెచ్చేవాళ్లు. మూడో ఇంటివాళ్లయితే ఫ్రిజ్ ఉండి కూడా వెన్న గిన్నె తెచ్చి పెట్టేవాళ్లు. ఊరికే వచ్చే చల్లదనం ఎవరికి చేదు!

భార్య పోయిన రోజు నుంచి ఆయన చుట్టూ నాలుగడుగుల మేర చలికాలం నిలిచిపోయింది. వీధిలో తారు కరుగుతున్నా ఆయన గది కిటికీకి మంచు పట్టేది. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, రెండు దుప్పట్లు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. రెండు ముద్దలు తిని మూడో ముద్దకి కంచం జరిపేసేవాడు. "రోగమేం లేదమ్మా, తినాలన్న మనసే లేదు. ఇలాగే ఉంటే ఎక్కువ రోజులు లాగలేడు" అని డాక్టరు కోడలికి చెప్పేశాడు.

కోడలు విత్తనాల కొట్టులో పనిచేసేది. ఎండాకాలంలో ఏం వేసుకోవాలని అడిగినవాళ్లకి, గింజల కంటే ముందు మనిషిని చూసి చెప్పేది. "రోజూ నీళ్లు పోస్తారా, అయితే బెండ, బీర. మరిచిపోయే రకమా, గోరుచిక్కుడు పట్టుకెళ్లండి. అస్సలు ఓపిక లేదంటే తోటకూర, నెల తిరక్కుండా కోసుకోవచ్చు." ఊళ్లో అందరికీ సలహా చెప్పే ఆ పిల్లకి మామగారి విషయంలో మాత్రం ఏం చేయాలో పాలుపోలేదు. పెళ్లయి వచ్చిన కొత్తలో స్కూటరు నేర్పిస్తూ వెనకాల పరిగెత్తిన మనిషాయన. ఆయనంటే ఆమెకి ప్రాణం.

ఒక ఆదివారం ఆమె విత్తనాల ప్యాకెట్లన్నీ ఆయన మంచం మీద పరిచింది.

"మామయ్యా, మేడ మీద టబ్బులు ఖాళీగా పడున్నాయి. ఏం వేద్దామో చెప్పండి."

ఆయన దిండు కింద నుంచి ఒక పౌడరు డబ్బా తీశాడు. అందులో భార్య తన చేత్తో ఎండబెట్టి దాచిన బఠాణీలున్నాయి.

"ఇవి వెయ్యి."

"బఠాణీలా! ఈ ఎండలకి మొలకెత్తకముందే ఉడికిపోతాయి. చలికాలం రానివ్వండి, వేద్దాం."

"చలికాలం దాకా ఎవరుంటారమ్మాయ్?"

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నాడు. ఆమె ప్యాకెట్లన్నీ పక్కకి జరిపింది. కొట్టులో బేరమాడే గొంతు తెచ్చుకుంది.

"సరే, వేస్తాను. కానీ వాటికి చలి కావాలి. ఈ ఊళ్లో ఇప్పుడు చలి మీ ఒక్కరి దగ్గరే ఉంది. రోజూ పైకొచ్చి పక్కన కూర్చుంటానంటే వేస్తాను, లేదంటే బెండ వేసుకుంటా."

"ఆ మెట్లు నేనెక్కలేను."

"పద్దెనిమిదే. లెక్కపెట్టాను."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆమె పన్నెండేళ్లుగా కొట్టులో మొండివాళ్లతోనే వేగుతోంది. మర్నాడు ఆయన దుప్పటితో సహా మేడెక్కాడు. సగం గింజలు దాచుదామంటే వినలేదు, డబ్బా మొత్తం టబ్బులో బోర్లించేశాడు.

ఏడో రోజున మొలకలొచ్చాయి. ఆయన కుర్చీ చుట్టూ నాలుగడుగుల్లో తీగలు హాయిగా పాకి, పూసి, కాయలు పట్టాయి, ఐదో అడుగులో గచ్చు కాళ్లు బొబ్బలెక్కేలా కాలేది. పాలూ కొత్తిమీరా కూడా మేడ మీదికి మారాయి.

"మీ బఠాణీలు కాదుగానీ, నా మోకాళ్లు అరిగిపోతున్నాయండీ డ్రైవరుగారూ" అని ఇస్త్రీ ఆవిడ దెప్పేది.

ఆయన బదులు చెప్పక తప్పేది కాదు. మాటలో మాట కలిసి, పెళ్లికొడుకుని బస్టాండులో మరిచి పెళ్లిబృందంతో నలభై మైళ్లు వెళ్లిపోయిన కథ చెబుతూ, తనే ముందు కడుపు పట్టుకుని నవ్వాడు.

ఆ సాయంత్రం ఆవిడ గిన్నె చేత్తో పట్టుకుని పైకొచ్చింది. "మీ దగ్గర పెట్టిన పాలు కూడా విరిగిపోయాయండీ!"

ఆయన తీగల వైపు చూశాడు. ఆకులు వాలిపోయి ఉన్నాయి.

మర్నాటి నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మూతి బిగించుకుని, పోయినవాళ్లందర్నీ వరసపెట్టి తలుచుకుంటూ కూర్చున్నాడు. కంచం మళ్లీ జరిపేశాడు. మూడు రోజులు చూసి కోడలు నిలదీసింది.

"నవ్వితే అవి వాడిపోతున్నాయమ్మా" అన్నాడాయన, తప్పు చేసినవాడిలా. "మీ అత్తయ్య గింజలవి. ఒక్కటి కూడా దాచుకోలేదు. నేను బాగుపడితే అవి పోతాయి."

ఆమె ఒక కాయ తెంపి ఒలిచింది. గింజలు నిండుగా, గట్టిగా ఉన్నాయి.

"చలితో వీటికి పనైపోయింది మామయ్యా. ఇక ఎండాలి, అప్పుడే విత్తనమవుతాయి. అత్తయ్య కూడా చివర్లో నీళ్లు మానేసేది, గుర్తులేదా?"

"ఎందుకు లేదు! తెలియక ఒకసారి నేను పోస్తే చీపురు పట్టుకుని మేడంతా తరిమింది."

చెబుతూనే నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు, ఆవిడ పోయాక మొదటిసారి. కోడలు ఆయన భుజం పట్టుకుంది. చొక్కా ఎంతో కాలానికి వెచ్చగా తగిలింది. కాసేపటికి ఆయన కళ్లు తుడుచుకుని, "అన్నం అయిందా?" అని అడిగాడు.

పది రోజుల్లో తీగలన్నీ గలగలా ఎండిపోయాయి. ఇస్త్రీ ఆవిడ పాలు పెట్టుకోవడానికి మూడో ఇంటి ఫ్రిజ్ దారి పట్టింది. ఆయన గదిలో కూర్చుని కాయలన్నీ ఒలిచి, గింజలు డబ్బాలో పోసి, మూత గట్టిగా బిగించి కోడలి చేతికిచ్చాడు.

"జాగ్రత్తగా పెట్టమ్మాయ్. చలికాలంలో వేద్దాం."

ఆమె డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అలా చూస్తావేం? ఆ బెండ గింజలు ఇటియ్యి, టబ్బు ఖాళీగా ఉంది" అన్నాడాయన, మెడ మీద చెమట తుడుచుకుంటూ. "ముందా ఫ్యాన్ వెయ్యి తల్లీ, ఉడికి చస్తున్నాను."