వారం నీది, వారం నాది

బేసిల్ ఇంటిపేరు గొలాయథ్. బైబిల్లో దావీదు వడిసెల రాయితో కొట్టి పడేసిన గొల్యాతు పేరే అది. మనిషి మాత్రం అయిదడుగుల రెండంగుళాలకు మించడు. దక్షిణాఫ్రికాలో మా యూటెన్‌హేగ్ కార్ల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు రేకు పని చేశాడు. తలుపు మీద అరచేయి ఒక్కసారి రాసి, కంటికి ఆనని సొట్ట ఎక్కడుందో చెప్పగలిగేవాడు. అదే ఫ్యాక్టరీలో ఇంజన్లు పరీక్షించే చోట పనిచేసినవాడు అఖ్మత్ సాలీ. అతను పొడుగు. గుమ్మం కనబడితే చాలు, అలవాటుగా తల వంచేవాడు. ఇంజన్ శబ్దం విని దాని జబ్బేమిటో చెప్పడంలో అతన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు.

వాళ్లిద్దరికీ కలిపి ఒకే కారు. డెబ్బై రెండో సంవత్సరం నాటి డాట్సన్, రెండు సీట్లది, పొడవాటి ముక్కుది. దాని బాడీ పటెన్సీలోని ఒక నారింజ తోటలో బేసిల్‌కి దొరికింది. అప్పటికి అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. అదే రకం కారు ఒకటి పోర్ట్ ఎలిజబెత్ దగ్గర లారీ కింద నలిగిపోతే, దాని ఆరు సిలిండర్ల ఇంజన్ అఖ్మత్ చేతికొచ్చింది. ఒకడి దగ్గర ఒళ్లుంది, ఇంకొకడి దగ్గర గుండె ఉంది. మూతపడ్డ బేకరీ వెనక సందులో ఒక గ్యారేజీ అద్దెకు తీసుకుని, రెండు చలికాలాలు కష్టపడి రెంటినీ కలిపారు. ముదురాకుపచ్చ రంగు వేశారు. ఒక వారం ఒకడిది, ఇంకో వారం ఇంకొకడిది అని ఒప్పందం. సోమవారం పొద్దున్న చేతులు మారేది. గ్యారేజీ తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉండేది.

పాతికేళ్లకు పైగా అలా సజావుగా నడిచింది. ఒకడి వారంలో ఇంకొకడు పక్కన కూర్చుని వాన్ స్టాడెన్స్ కనుమ దిగి, నది ఒడ్డున టీ తాగి వచ్చేవారు. ఆ తర్వాత ఒక సోమవారం బేసిల్ షట్టరు ఎత్తేసరికి వెనక మడ్‌గార్డులు రెండూ సగం కోసేసి ఉన్నాయి. లోపల కొత్త వెడల్పు టైర్లు నల్లగా మెరుస్తున్నాయి. అఖ్మత్ అక్కడే చేతులు తుడుచుకుంటున్నాడు.

“ఇదేంట్రా?”

“టైర్లు. పాతవాటితో మలుపులో వెనకభాగం జారిపోతోంది. మూడు కార్బురేటర్లు పెట్టాక నా ఇంజన్‌కి పట్టు చాలట్లా.”

“టైర్ల సంగతి కాదు నేనడిగింది. నా మడ్‌గార్డులేవి?”

“అడ్డమొచ్చాయి, కోశాను.”

“ఒక్క మాట అడగాలనిపించలేదా?”

“అడిగితే ఏమనేవాడివి?”

“వద్దనేవాణ్ని.”

“అందుకే అడగలా.”

ఆ మడ్‌గార్డుల వంపు కోసం బేసిల్ ఒక చలికాలమంతా చెక్క సుత్తితో కొట్టాడు. అతని అరుపు సందంతా వినబడింది. “బాడీ నాదిరా! చెయ్యి వెయ్యడానికి నువ్వెవడివి?”

“నా ఇంజన్ లేకపోతే ఆ బాడీతో ఏం చేస్తావ్? మళ్లీ కోళ్లు పెంచుకో!”

“అయితే పీక్కుపో నీ ఇంజన్ని! దానికింద నాలుగు చక్రాలు కట్టుకుని ఊరేగు!”

ఇంజన్ని ఎవరూ పీకలేదు. కారుని విడదీస్తే ఎవరి చేతిలోనూ కారు ఉండదని ఇద్దరికీ తెలుసు. మాటలే ఆగిపోయాయి. వారం నీది, వారం నాది అన్నది మాత్రం ఆగలేదు. పదమూడేళ్లపాటు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఆ కారుని మాత్రం ఇద్దరూ కంటికి రెప్పలా చూసుకున్నారు. సోమవారం బేసిల్ తలుపు తీసేసరికి సీటు బాగా వెనక్కి జరిపి ఉండేది, అద్దం పైకి తిప్పి ఉండేది, లోపల యాలకుల వాసన వేసేది. ప్లగ్గులు మారి ఉండేవి. ఇంజన్ తేనె పోసినట్టు తిరిగేది. బేసిల్ తన వారంలో తుప్పు గీకి, రంగు సరిచేసి, తలుపుల రబ్బర్లు మార్చి వదిలిపెట్టేవాడు.

తొమ్మిదేళ్ల కిందట బేసిల్ భార్య లొరెయిన్ పోయింది. పిల్లలు లేరు. చర్చిలో చివరి వరసలో అఖ్మత్ నిలబడి ఉండటం మేమంతా చూశాం. ప్రార్థన అయ్యేసరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి సోమవారం కారు కడిగి, తుడిచి, ట్యాంకు నిండుగా పోసి ఉంది. బేసిల్ ఆ వేళ బండి బయటికి తియ్యలేదు. షట్టరు సగం దించుకుని, సీట్లో కూర్చుని, చాలాసేపటికి ఇంటికొచ్చాడు. లొరెయిన్ పోయాక అతనితో రోజూ మాట్లాడే మనిషంటూ ఎవరూ లేరు. ఎదురుపడితే మేం పలకరించేవాళ్లం. బాగున్నాను అనేవాడు. అంతకుమించి పెరిగేది కాదు.

పోయిన ఏడాది మార్చిలో ఒక సంగతి అతని దృష్టికి వచ్చింది. పెట్రోలు పోయించినప్పుడల్లా కిలోమీటర్లు చూపే మీటరు సున్నాకి తిప్పడం అతనికి అలవాటు. తన వారం ముగిసే ఆదివారం అందులో ఎంత ఉందో, అఖ్మత్ వారం గడిచాక సోమవారం కూడా అంతే ఉంది. వానలు పడ్డాయి, తియ్యలేదేమో అనుకున్నాడు. మళ్లీ తన వంతు వచ్చింది. అంతే ఉంది. మూడోసారీ అంతే. కానీ సీటు మాత్రం ప్రతిసారీ వెనక్కి జరిగే ఉంది.

అఖ్మత్ వారం మొదలైన రెండో రోజు పొద్దున్నే బేసిల్ బేకరీ సందుకి వెళ్లాడు. పదమూడేళ్లలో ఆ హద్దు దాటడం అదే మొదలు. ఎదుటివైపు అరుగు మీద కూర్చున్నాడు. ఎనిమిదింటికి అఖ్మత్ వచ్చాడు. గడ్డం తెల్లబడిపోయింది. గోడకి చేయి ఆనించుకుని, ఇటుకలు లెక్కపెడుతున్నట్టు మెల్లగా నడుస్తున్నాడు. తాళంలో తాళంచెవి పెట్టడానికి వేళ్లతో కన్నం వెతుక్కున్నాడు. షట్టరు లేచింది. కాసేపటికి ఇంజన్ స్టార్టయింది. ఒకసారి గట్టిగా, ఒకసారి నెమ్మదిగా, తిరిగి గట్టిగా. పది నిమిషాల తర్వాత ఆగిపోయింది. కారు అంగుళం కూడా కదల్లేదు.

అఖ్మత్ షట్టరు దించి వెనక్కి తిరిగాడు. అడుగుల చప్పుడు విన్నాడో, నీడలాంటిది ఏదన్నా ఆనిందో, లేచి దగ్గరికొచ్చిన బేసిల్ ముందు క్షణం ఆగాడు. మధ్యన మూరెడు దూరం కూడా లేదు.

“గుడ్ మార్నింగ్, బూటా,” అన్నాడు, ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని అన్నగా పలకరించినట్టు.

బేసిల్ తలూపాడు.

అఖ్మత్ జవాబు కోసం చెవి ఒగ్గాడు. “ఏం మనుషులో, పలకరిస్తే పలకను కూడా పలకరు,” అని గొణుక్కుంటూ గోడ పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట బేసిల్‌ని ఆ వారమంతా నిలవనివ్వలేదు. ఆదివారం పొద్దున అఖ్మత్ భార్య గదీజా ఇంటిముందు కూసిస్టర్లు అమ్ముతుంది. వేడివేడిగా పాకంలో ముంచి, కొబ్బరి చల్లి ఇచ్చే ఆ పిండివంటకోసం వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వరస కడుతుంది. వరసలో బేసిల్ కూడా నిలబడ్డాడు. అతని వంతు వచ్చేసరికి గదీజా తల ఎత్తింది.

“పదమూడేళ్లకి గుర్తొచ్చాయా మా కూసిస్టర్లు, బూటా? ఎన్ని?”

“అరడజను. అఖ్మత్ కళ్లకేమైంది?”

గరిటె ఆగింది. “నీకెవరు చెప్పారు?”

“నా పక్కనించే వెళ్లాడు. నన్ను పోల్చలేదు.”

ఆమె వెనక్కి, ఇంట్లోకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “నీటికాసులంట. రెండు నెలలైంది, లైసెన్సు తీసుకెళ్లి తనే ఇచ్చేశాడు. మసీదుకని చెప్పి గ్యారేజీకి పోతాడు. నాకు తెలీదనుకుంటాడు. చొక్కా నిండా పెట్రోలు కంపు పెట్టుకుని ఏ మసీదుకి పోతారు బూటా ఎవరైనా? నేను చెప్పానని మాత్రం అనకు, ఇల్లు పీకి పందిరేస్తాడు.”

అఖ్మత్ వంతు మళ్లీ వచ్చాక, మంగళవారం బేసిల్ ముందే వెళ్లి షట్టరు ఎత్తి, కారు పక్కన నిలబడ్డాడు. తాళం కోసం తడిమి, షట్టరు ఎత్తి ఉండటం పసిగట్టి అఖ్మత్ బయటే ఆగాడు.

“ఎవరది లోపల?”

“నేనే.”

గొంతు గుర్తుపట్టడానికి అతనికి క్షణం పట్టలేదు. “ఇది నా వారం.”

“తెలుసు. నీ వారమే. ఎక్కు. ఎటు పోవాలో చెప్పు.”

“గదీజా వాగిందా?”

“మీటరు చెప్పింది. రెండు నెలల్నుంచి నీ వారాల్లో ఒక్క కిలోమీటరు తిరగలా.”

అఖ్మత్ లోపలికొచ్చాడు. అలవాటుకొద్దీ కుడివైపు తలుపు దగ్గరికి వెళ్లి పిడి మీద చెయ్యేశాడు. కాసేపటికి అఖ్మత్ ఆ చెయ్యి తీసి, కప్పు మీద ఆనించుకుంటూ చుట్టూ తిరిగి, ఎడమవైపు కూర్చున్నాడు.

బేసిల్ బండి ఊరు దాటించాడు. కనుమ మొదలయ్యే చోట అఖ్మత్ ముందుకు వంగాడు.

“గేరు మార్చు.”

“మారుస్తా.”

“ఇప్పుడు కాదు. ఆగు... ఆ, ఇప్పుడు.”

“నడిపేది నువ్వా, నేనా?”

“నువ్వు నడపట్లా. ముసలమ్మని చర్చికి దింపుతున్నావ్. తొక్కరా బాబూ, అదేం కరవదు!”

బేసిల్ తొక్కాడు. మూడు కార్బురేటర్లూ ఒక్కసారి గాలి పీల్చుకున్నాయి. మలుపులో వెడల్పు టైర్లు తారుని అంటిపెట్టుకున్నాయి. కొండవాలు మీది కలబంద చెట్లు గిర్రున తిరిగి వెనక్కి పోయాయి. అఖ్మత్ పగలబడి నవ్వాడు. బేసిల్‌కీ నవ్వొచ్చింది. లొరెయిన్ పోయాక తన నవ్వు తనకి వినబడటం అదే మొదటిసారని తర్వాత నాతో అన్నాడు.

నది ఒడ్డున బండి ఆపాక అఖ్మత్ దిగి, తడుముకుంటూ వెనక్కి వెళ్లి మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టాడు. పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి రాశాడు.

“అతుకే తగలట్లా.”

“అతుకు లేదు. రేకు సాగదీసి పాత వంపులో కలిపేశాను. ఆ గొడవైన ఏడాదే. నా వారాల్లో కొంచెం కొంచెం చేశా.”

“తెలుసు. అప్పుడు కళ్లు బాగానే ఉన్నాయిగా. ఎంతదాకా వచ్చిందో నా వారం వచ్చినప్పుడల్లా చూసుకునేవాణ్ని.”

“మరి ఒక్క ముక్కైనా అనలేదేం?”

“ఇంజన్ బాగుందని నువ్వెప్పుడన్నా అన్నావా?”

ఇద్దరూ రాళ్ల మీద కూర్చుని టీ తాగారు. పదమూడేళ్ల మాటలు చెప్పుకోవాల్సి ఉంది కానీ, ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియలేదు. నీళ్ల గురించి కాస్త, ఫ్యాక్టరీలో పోయినవాళ్ల గురించి కాస్త మాట్లాడుకున్నారు. తప్పు నాదేనని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

అలా ఇంకో నాలుగు మంగళవారాలు వెళ్లారు. ఆగస్టులో గదీజా అతన్ని కేప్‌టౌన్‌లో కూతురి దగ్గరికి తీసుకెళ్లింది. కళ్లకి వైద్యం అక్కడ బాగుంటుందన్నారు. బయల్దేరేముందు అఖ్మత్ తన దగ్గరున్న గ్యారేజీ తాళంచెవి బేసిల్ చేతిలో పెట్టాడు.

“ఇకనించి మొత్తం నీదే.”

“సగం నీది. తిరిగొచ్చేదాకా ఉంచుతా.”

“తిరిగొచ్చి ఏం చూస్తాన్రా?” అన్నాడు అఖ్మత్, మామూలుగానే. సామాను వేసిన బండిలోకి గదీజా చెయ్యి అందిస్తే ఎక్కాడు.

మొదట్లో ఫోన్ చేసేవాడు. ఇంజన్ ఎలా ఉంది, ఆయిల్ మార్చావా అని అడిగేవాడు. పోను పోను మాటలు తగ్గాయి. ఒకసారి గదీజాయే చేసింది, ఆయన పడుకున్నాడని చెప్పింది. మిగిలిన ఆ కాస్త చూపు కూడా పోయిందన్న సంగతి బేసిల్‌కి వేరేవాళ్ల నోట తెలిసింది.

అఖ్మత్ వారాల్లో బేసిల్ చాలాకాలం కారు తియ్యలేదు. ఆ వారాల్లో ఏం చెయ్యాలో కూడా అతనికి తోచేది కాదు. ఇంటిముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చివరికి నవంబరులో, తనది కాని ఒక శనివారం, బండి తీసుకుని ఒక్కడే కనుమ దిగాడు. ఇంజన్ శబ్దంలో ఏదో తేడా ఉన్నట్టు అనిపించింది. ఉందో లేదో చెప్పేవాళ్లు లేరు.

నది ఒడ్డున ఒక కుటుంబం మాంసం కాల్చుకుంటోంది. కారు చూసి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. వెనకే వాళ్ల నాన్న ఫోన్ పట్టుకుని వచ్చాడు.

“అబ్బ, ఏం బండి అంకుల్! ఒక ఫోటో తీసుకోవచ్చా?”

“తీసుకో బాబూ.”

పిల్లలు ముందు చక్రం దగ్గర వరసగా నిలబడ్డారు. బేసిల్ డ్రైవరు తలుపు మీద చెయ్యేసి నిలబడి, చొక్కా సర్దుకున్నాడు.

“అంకుల్, ఏమనుకోకండి, కొంచెం పక్కకి జరుగుతారా? మీరు అడ్డమొస్తున్నారు.”

“అయ్యో, దానికేం,” అని బేసిల్ జరిగాడు. తర్వాత అతనే ఫోన్ తీసుకుని, కారు ముందు వాళ్లందరినీ నిలబెట్టి, తలలు తెగకుండా రెండు ఫోటోలు తీసిచ్చాడు. వాళ్లు కాల్చిన మాంసం ముక్క ఒకటి రొట్టెలో పెట్టి ఇచ్చారు. థాంక్స్ చెప్పి, బండి దగ్గరికొచ్చి, నిలబడే తిన్నాడు. చేతులు నదిలో కడుక్కుని, ఎండ ఇంకా పైన ఉండగానే ఇంటికి బయల్దేరాడు.