కూర్మమ్మ కాళ్ళలో ఎండ

పొద్దున్నే వాకిట్లో ఎండ పడగానే తిరుమలరావు ప్లాస్టిక్ కుర్చీ వేసి, భార్య కూర్మమ్మను తెచ్చి కూర్చోబెట్టేవాడు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పని మానేశాక ఆయనకు అదే డ్యూటీ.

"లెగు కూర్మీ... ఆఁ, ఇప్పుడు మెల్లగా కూకో. మల్లీ లెగు."

ఆమె మతిమరుపు తగ్గదనీ, ఎండా వ్యాయామమూ ఉంటే కాళ్ళలో సత్తువైనా నిలుస్తుందనీ విజయనగరంలో డాక్టరు చెప్పాడు. సత్తువ నిలిచింది. దాంతోపాటు ఎండ కూడా నిలిచిపోయింది. సాయంత్రమైనా ఆమె పిక్కల్లో, మోకాళ్ళలో లేత పసుపు వెలుగు ఉండేది. కరెంటు పోతే పక్కింటి అమ్మడు చేటలో బియ్యం తెచ్చుకుని, ఆ కాళ్ళ దగ్గర కూర్చుని రాళ్ళు ఏరుకునేది. డాక్టరు కూడా పిక్కలు నొక్కి చూసి, "ఎండ బాగా పడుతోంది, మానకండి" అన్నాడు.

కాళ్ళు గట్టిపడుతున్నకొద్దీ మనుషులు మతిలోంచి జారిపోయారు. ముందు కూతురి పేరు పోయింది. తర్వాత, మేనత్త కొడుకని మాటలు వచ్చిన నాటి నుంచీ "బావా" అని పిలిచిన మొగుణ్ణి "బాబూ" అనడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే గేటు తీసుకుని వెళ్ళిపోయింది. లేచి చూస్తే, ముసురు పట్టిన రోడ్డు మీద ఆమె అడుగు పడ్డ చోటల్లా అరికాలంత ఎండ.

"అత్త రామతీర్థం రోడ్డునెల్లింది మావా, అడుగులు సూసుకుంటూ ఎల్లు" అంది అమ్మడు.

ఆయన పరుగెత్తాడు. ఆమె చేత వ్యాయామం చేయించాడే గానీ తన కాళ్ళ సంగతి ఏనాడూ పట్టించుకోలేదు. ఊరు దాటాక గోగు చేను పక్కన ఆమె కనబడింది. కేకేసేలోగా మోకాళ్ళు ముడుచుకుపోయి కూలబడ్డాడు.

ఆమె వెనక్కి వచ్చింది.

"పడిపోనావా బాబూ? ఎవులు నువ్వు?"

"నానే కూర్మీ, మీ బావని."

ఆమె నవ్వింది. "మా బావ కుర్రోడు. జాతరకెల్లి ఇంకా రానేదు. ఎదురెల్తన్నాను."

అంటూనే పక్కన కూర్చుని ఆయన మోకాళ్ళు రుద్దసాగింది. ఆమె కాళ్ళలోని వెలుగు చేతుల మీదుగా ఆయన కాళ్ళలోకి దిగుతోంది.

"వొద్దే! వొదిలీ!" అని ఆయన చేతులు తోసేశాడు. ఆమె వినలేదు. వెలుగంతా అయిపోయేదాకా రుద్దింది.

ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె లేవబోయి కూర్చుండిపోయింది. ఆ కాళ్ళు మరి లేవలేదు.

ఆమెను వీపు మీద ఎక్కించుకుని చినుకుల్లో ఇంటి దారి పట్టాడు. అడుగులు కుర్రాడి అడుగుల్లా పడుతున్నాయి. ఏడుపు మాత్రం ఆగడం లేదు.

"దించీ బాబూ" అంది ఆమె చెవిలో. "మా బావ సూస్తే బాగోదు."

"సూడడులే" అన్నాడు తిరుమలరావు.