కుంటి దరువు

కాజాల పిన్ని రోజూ ఎనిమిదింటికల్లా చొక్కాల కంపెనీలో మిషను ముందు కూర్చునేది. చొక్కాలకు కాజాలు కుట్టడం పదిహేడేళ్ల పని. చిన్నప్పుడే కుడికాలు చచ్చుబడింది కదా, పెడలు మూడుసార్లు తొక్కితే నాలుగోసారి కాలెత్తి క్షణం ఆగాలి. టక్ టక్ టక్... ఖాళీ. టక్ టక్ టక్... ఖాళీ. ఆమె కుట్టిన కాజా ఊడిందని అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

కిర్రు బూట్లేసుకుని కొత్తగా వచ్చిన సూపర్‌వైజరుకు అది వింటే ఒళ్లు మండేది. "ఇదేం దరువమ్మా, కుంటి దరువు! శనివారం కొత్త మిషన్లొస్తున్నాయి. నీకిక సెలవు," అన్నాడు అందరి ముందూ.

పిన్ని ఇంటికొచ్చి ఏడవలేదు. "వాడి నోరు పడిపోను!" అని తిట్టి, కడుపునిండా తిని పడుకుంది.

ఆమె అక్క కూతురు అదే కంపెనీలో ప్యాకింగు చేస్తుంది. ఇంటికొస్తే చాలు, పాత కంప్యూటర్లో చప్పుళ్లు అతికించి పాటలు కడుతుంటుందని ఇంట్లో దాన్ని గోల అంటారు. మర్నాడు గోల ఆ మిషను చప్పుడు ఫోన్లో పట్టింది. కింద ఇస్త్రీ ఆవిరి నిట్టూర్పును సాగదీసి, గుండెల్లో మోగే బేస్‌గా పరిచింది. పైన కత్తెర కిచకిచలు. మాటల్లేవు. నాలుగో దెబ్బ దగ్గర అన్నీ ఊపిరి బిగబట్టేవి. పాటకు పేరు మాత్రం సూపర్‌వైజరు పెట్టిందే.

పంపిన పాట విని పాటల కంపెనీ ఆయన ఫోన్ చేశాడు. "బాగుందమ్మా, ఆ ఖాళీ పూడ్చెయ్. జనం పాట ఆగిపోయిందనుకుంటారు."

"అనుకోనీండి. ఖాళీ పూడిస్తే అందులో మా పిన్ని ఎక్కడుంటుంది?" అని ఫోన్ పెట్టేసి, పాటను ఉన్నదున్నట్టే ఊళ్లోవాళ్ల ఫోన్లకు పంపేసింది గోల.

ఇక చూడండి, వారం తిరక్కుండా ఊరంతా అదే పాట. కొత్తగా పాటలు కట్టేవాళ్లందరూ నాలుగో దెబ్బ వదిలేస్తున్నారు. పాట విన్న వస్తువులూ అంతే. మంగలి కత్తెర మూడుసార్లు ఆడి ఆగేది. గోడ గడియారాలు వెనకబడితే జనం వాటినే నమ్మి తీరిగ్గా అన్నం తిన్నారు.

శనివారం కొత్త మిషన్లొచ్చాయి. వ్యాను డ్రైవరు దారి పొడుగునా ఏ పాట వేశాడో చెప్పాలా? దించుతున్నంతసేపూ అదే మోగింది. సూపర్‌వైజరు కిర్రు బూట్లతో పక్కనే నిలబడి అజమాయిషీ చేశాడు.

రెండు కాళ్లూ బాగున్నవాళ్లు కూర్చుని తొక్కారు. మూడు దెబ్బలకు మిషను ఆగుతుంది, వీళ్లు ఆగరు. దారాలు పుటుక్కు పుటుక్కుమన్నాయి. సాయంత్రం లారీ ఎక్కాల్సిన చొక్కాలు గుట్టపడ్డాయి. డబ్బా సర్దుకుని గేటు దాకా వెళ్లిన పిన్ని దగ్గరికి సూపర్‌వైజరు పరుగెత్తాడు.

"పిన్నీ, వీళ్లకు కాస్త నేర్పవా?"

"సెలవన్నావుగా?"

"ఏదో నోరు జారాను. సోమవారం నుంచీ ఎప్పట్లాగే రా."

"వస్తాను. ఇంతకీ నా మిషను చప్పుడునేమంటారు?"

గొణిగాడు.

"గట్టిగా! అప్పుడు అందరికీ వినబడేట్టే అన్నావు."

"కుంటి దరువు!"

పిన్ని లోపలికొచ్చి, కొత్త మిషను ముందు కూర్చుని, తెగకుండా కాజా కుట్టి చూపించింది. సూపర్‌వైజరు మొహం తిప్పుకుని గదివైపు నడిచాడు. కిర్, కిర్, కిర్. నాలుగో అడుగుకు బూటు నేలను వదల్లేదు.

"తొందరేం లేదు బాబూ, కాసేపాగు," అంది పిన్ని, పెడలు మీంచి కాలెత్తుతూ.