సులభ గదిలో చైత్రగౌరి

బొంబాయి పరేల్ వరసగదుల్లో పగటిపూట తలుపు మూసుకునే అలవాటు ఎవరికీ లేదు. మూసి ఉందంటే లోపల మొగుడూ పెళ్లాలు తగువు పడుతున్నారనే లెక్క. అలాంటిది, దత్తారాం పనిచేసే మిల్లు మూతపడిన మర్నాటి నుంచీ అతని పెళ్లాం సులభ తలుపేసుకుంది. మొగుడు ఖాళీగా కూర్చున్నాడని వరండా అంతా చూడాలా మరి? పరువు కాదూ!

అద్దె ఆగితే పక్కగోడ లోపలికి జరగడం అక్కడ తాతల నాటి సంగతే. గోడకవతల యజమాని గోదాము. ఇవతల తగ్గిన చోటు అటు కలుస్తుంది. గోడ వచ్చి గడపను తాకితే గుమాస్తా కాంతిభాయి తాళం వేస్తాడు. ఇక గది చేజారినట్టే.

సులభ గోడ మరీ తొందరపడింది. హోలీకి మంచం మడిచేశారు. ఉగాది పాడ్వా నాటికి ఇద్దరికీ కాళ్లు చాపే చోటు లేక వంతులేసుకుని పడుకున్నారు. లోపల ఊపిరాడదు, బయటికెళ్తే నలుగురూ అడుగుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చైత్ర తదియ నాడు, గౌరిని ఉయ్యాల్లో పెట్టే వేళకి, ఎదురుగది ఇందూతాయి తలుపు బాదింది. చేతిలో ఇత్తడి గౌరమ్మ, బుల్లి ఉయ్యాల.

"తియ్యవే. ఈ ఏడు పసుపు కుంకాల పేరంటం నీ గదిలోనే."

"పిల్లి కూడా పట్టదు తాయీ, ఎక్కడ కూర్చోబెట్టను?"

"పిలిచేది గౌరమ్మ. చోటు సంగతి ఆవిడ చూసుకుంటుంది. ఏమయ్యా దత్తారాం, ఆడవాళ్ల మధ్య నీకేం పని? వరండాలోకి నడు."

ఆవిడ కూర్చోగానే గోడ జానెడు వెనక్కి తగ్గింది. పేరంటానికొచ్చిన ముత్తైదువ నిలబడిపోతే గోడకైనా పాపమేగా. మామిడికాయ పప్పు, పన్హా పానకం పట్టుకుని మిగతావాళ్లు వస్తున్నకొద్దీ అది జరుగుతూనే ఉంది. సాయంత్రానికి గది గదిలా అయింది.

వాళ్లు లేవగానే గోడ మళ్లీ కదిలింది. సులభ మొహం పాలిపోయింది.

"వచ్చేస్తోంది తాయీ."

ఇందూతాయి మళ్లీ చతికిలబడింది. "గౌరి అక్షయ తృతీయ దాకా ఉయ్యాల్లోనే ఉంటుందిగా. అన్నాళ్లూ పేరంటమే. వంతులేసుకుందాం."

రోజూ ఆడవాళ్లు వచ్చేవారు, రోజూ దత్తారాం వరండాలో పడేవాడు. అక్కడ మగవాళ్ల మధ్య కూర్చోగా కూర్చోగా, ఒకాయన బట్టల బజారులో పని చూపించాడు. నెల తిరిగితే గానీ జీతం రాదు.

అక్షయ తృతీయ నాడు గౌరిని సాగనంపారు. అప్పుడే కాంతిభాయి తాళం పట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు. ఇందూతాయి పన్హా గ్లాసు అందించింది.

"నిలబడి తాగకూడదు. కూర్చో భాయీ."

కూర్చున్నాడు. గోడ అతని కోసం కూడా జరిగింది. గోదాములో బస్తాలు దబదబా పడ్డాయి. కాంతిభాయి విననట్టే గ్లాసు ఖాళీ చేశాడు.

"గౌరి వెళ్లిపోయిందిగా, మీరంతా ఇంకా కూర్చున్నారేం?"

"దత్తారాంకి జీతం రావాలి," అంది ఇందూతాయి.

ఆ మాటకి సులభకి ఏడుపు ఆగలేదు. కాంతిభాయి తాళాన్ని సంచిలో వేసుకుని, జనం ఉన్న గదికి తాళం ఎలా వేస్తానమ్మా అని గొణుక్కుంటూ లేచాడు. ఆడవాళ్లు మాత్రం ఒక్కరూ లేవలేదు.